ఎర్రర్ ఒక్కటీ రాలేదు, టేబుల్ నిండా తప్పులే: సీఎస్‌వీ నుంచి మైఎస్‌క్యూఎల్‌లోకి

ఓరుగల్లు_డేటా

అందరికీ నమస్తే. మా దగ్గర ఒక రైతుల సంఘం సభ్యుల జాబితాని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి ఎక్కిస్తున్నాను. ఊళ్లలో ఆపరేటర్లు కొట్టిన షీట్లు, మండలానికో సీఎస్‌వీ (కామాలతో గడులు విడదీసిన టెక్స్ట్ ఫైలు) చొప్పున వచ్చాయి, అన్నీ కలిపితే 18 వేల పైచిలుకు లైన్లు. కాలమ్స్ పెద్దగా ఏం లేవు: బ్యాంకు ఖాతా నంబరు (ఇదే ప్రైమరీ కీ, అంటే రెండు వరసల్లో ఒకే నంబరు ఉండకూడదు), పేరు, చిరునామా, సర్వే నంబరు, విస్తీర్ణం, చేరిన తేదీ, చివర్లో ఊరి పేరు. లోడ్ డేటా లోకల్ ఇన్‌ఫైల్ కమాండ్‌తో ఎక్కించాను, 'క్వెరీ ఓకే' అని వచ్చింది. ఎర్రర్ అనేదే లేదు.

తీరా చూస్తే టేబుల్‌లో 300 దాకా రోలు (వరసలు) తక్కువ. ఎవరివి పోయాయో తెలియదు. కొన్ని పేర్లు మధ్యలో తెగిపోయాయి, 'వెంకటలక్ష్మీనరసింహాచార్యులు' అన్న పేరు 'వెంకటలక్ష్మీనరసింహాచ' దగ్గర ఆగిపోయింది. రెండు మండలాల్లో పేర్లన్నీ ప్రశ్నార్థకాలే. ఇంకో మండలంలో ఏదో పరాయి భాషలా ఉంది, నెత్తిన గీత ఉన్న చిన్న 'ఏ', దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే జంట, లైను పొడుగునా అంతే. ఊరు 'గీసుగొండ' అని క్వెరీలో వేర్ షరతుగా పెట్టి వెతికితే ఒక్క రో కూడా రాదు, కానీ టేబుల్ తెరిచి చూస్తే గీసుగొండ కళ్లముందే ఉంది. విస్తీర్ణం చాలామందికి సున్నా చూపిస్తోంది, చేరిన తేదీ కొందరికి అన్నీ సున్నాలు.

ఈ జాబితా చూసే సంఘం వాళ్లు ఖాతాల్లో డబ్బులు వేస్తారు. ఒక్క పేరు జారినా ఆ రైతుకి డబ్బు రాదు, నా టెన్షన్ అంతా అదే. ఒక్కో తప్పుకి ఒక్కో అప్‌డేట్ క్వెరీ రాసుకుంటూ సరిచేయడమా, మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించడమా? ఇన్ని తప్పులుంటే డేటాబేస్ ఒక్క మాట కూడా ఎందుకు చెప్పలేదు?

పాత_డీబీఏ

ముందు ఆ టేబుల్ మీద అప్‌డేట్లు ఆపెయ్యండి. ఇప్పుడు మీ దగ్గరున్న టేబుల్‌లో ఏది ఫైల్లోనే తప్పు, ఏది ఎక్కేటప్పుడు తప్పయింది అన్నది కలగాపులగం అయిపోయింది, దాన్ని అతుకులేసి బాగుచేస్తే రేపు ఇంకోచోట బయటపడుతుంది. ఫైళ్లు భద్రంగా ఉన్నాయి కదా, మళ్లీ ఎక్కించడమే దారి. కానీ ఇదే కమాండ్‌తో కాదు.

ఎందుకు చెప్పలేదంటే, కారణం మీరు వాడిన 'లోకల్' అన్న మాటలో ఉంది. లోకల్ పెడితే ఫైలు మీ కంప్యూటర్ నుంచి సర్వర్‌కి ఏకధాటిగా వెళ్తుంది, మధ్యలో తప్పు దొరికినా పంపడం ఆపు అని చెప్పే వీలు సర్వర్‌కి లేదు. అందుకని మైఎస్‌క్యూఎల్ ఏం చేస్తుందంటే, లోకల్ ఉంటే ఇగ్నోర్ (తప్పుల్ని వదిలేసి సాగిపో అని) కూడా ఉన్నట్టే లెక్కేస్తుంది. అంకె ఉండాల్సిన చోట అక్షరం వచ్చినా, పేరు కాలమ్‌లో పట్టకపోయినా, ప్రైమరీ కీ రెండోసారి వచ్చినా అవన్నీ ఎర్రర్లు కాకుండా వార్నింగ్‌లు అయిపోతాయి, పని సాగిపోతుంది. స్ట్రిక్ట్ మోడ్ (తప్పు విలువ వస్తే ఎర్రర్ ఇచ్చి ఆపే సెట్టింగ్) ఉంది కదా అనుకుంటారు చాలామంది, మైఎస్‌క్యూఎల్ 5.7 వెర్షన్ నుంచి అది డిఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంటుంది నిజమే, కానీ ఇగ్నోర్ ముందు అది నిలవదు.

మీకు 'క్వెరీ ఓకే' వచ్చినప్పుడు దాని కిందే ఇంకో లైను వచ్చి ఉంటుంది, రికార్డ్స్ ఎన్ని, డిలీటెడ్ ఎన్ని, స్కిప్డ్ ఎన్ని, వార్నింగ్స్ ఎన్ని అని. చదవాల్సింది ఆ లైనే. స్కిప్డ్ దగ్గర సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా అన్ని రోలు బయట ఉండిపోయినట్టు. వెంటనే, అదే కనెక్షన్‌లో, మధ్యలో ఇంకో క్వెరీ కొట్టకుండా షో వార్నింగ్స్ కొట్టాలి, ఇంకోటి కొడితే జాబితా చెరిగిపోతుంది. పైగా అది అన్నీ దాచుకోదు. మ్యాక్స్ ఎర్రర్ కౌంట్ అని ఒక సెట్టింగ్ ఉంది, 5.7లో 64, 8.0లో 1024, అంతకు మించిన వార్నింగ్‌లు లెక్కలోకి వస్తాయి తప్ప వివరాలు ఉండవు. లోడ్ చేసే ముందు సెషన్‌లో దాన్ని 65535కి పెంచుకోండి, అదే దాని గరిష్ఠం. మండలానికో ఫైలు ఉంది కాబట్టి ఒక్కో ఫైలు విడివిడిగా లోడ్ చేస్తే ఆ హద్దు మీకు అడ్డు రాదు.

వార్నింగ్ నంబర్లు కొన్ని గుర్తుంటే పని తేలిక. 1062 అంటే కీ రెండోసారి వచ్చింది, రో ఎక్కలేదు. 1265 అంటే విలువ తెగింది. 1366 అంటే ఆ కాలమ్‌కి పొసగని అంకె గానీ అక్షరం గానీ. 1261, 1262 వస్తే మాత్రం ఫైలు తెరిచి చూడాల్సిందే, ఎందుకంటే మొదటిది లైన్లో కాలమ్స్ తక్కువ అని, రెండోది ఎక్కువ అని. 1262 కి ముఖ్య కారణం చిరునామాలో కామా. 'ఇం.నం. 4-56, రామాలయం వీధి' అని కోట్స్ లేకుండా ఉంటే వీధి వెళ్లి సర్వే నంబరులో కూర్చుంటుంది, సర్వే నంబరు విస్తీర్ణంలోకి, విస్తీర్ణం తేదీలోకి, ఇలా ఒక్కో గడి పక్కకి జరిగి చివరనున్న ఊరి పేరు బయట పడిపోతుంది. మీకు సున్నాల తేదీలు కొన్ని ఇలా వచ్చినవే అయ్యుండొచ్చు. మరికొన్ని ఆపరేటర్లు 25-03-2021 లా రోజు ముందు పెట్టి రాయడం వల్ల అయ్యుండొచ్చు, మైఎస్‌క్యూఎల్ ఏడాది ముందుండాలనుకుంటుంది కాబట్టి అలాంటివి సున్నాలుగానో, అంతకంటే ప్రమాదంగా, నిజంలా కనిపించే ఇంకో తేదీగానో మారతాయి.

నేనైతే ఇలా చేస్తాను. ఒక కచ్చా టేబుల్ పెట్టండి, అందులో ప్రతి కాలమూ టెక్స్ట్, తేదీ కూడా టెక్స్టే, విస్తీర్ణం కూడా టెక్స్టే. ప్రైమరీ కీ ఖాతా నంబరు మీద వద్దు, ఊరికే పెరుగుతూ పోయే వరస నంబరు ఒకటి చాలు. ఇంకో కాలమ్‌లో ఫైలు పేరు, దాన్ని లోడ్ కమాండ్‌లోనే సెట్ చేసుకోవచ్చు. ఇలా అయితే కాలమ్ రకం కుదరలేదని ఏ విలువా మారదు, కీ రెండోసారి వచ్చిందని ఏ రోనూ వదలదు. అప్పుడు ఫైలువారీగా రోలు లెక్కపెట్టి అసలు ఫైలు లైన్లతో పోల్చండి. ఆ లెక్క కుదిరాకే కచ్చా టేబుల్ నుంచి అసలు టేబుల్‌కి ఇన్సర్ట్ సెలెక్ట్, అంటే ఒక టేబుల్ నుంచి తీసి ఇంకోదాంట్లో పెట్టే కమాండ్. అక్కడ ఇగ్నోర్ ఉండదు కాబట్టి స్ట్రిక్ట్ మోడ్ తన పని తాను చేస్తుంది, తప్పు విలువ వస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మీ సర్వర్‌లో ఎస్‌క్యూఎల్ మోడ్ (స్ట్రిక్ట్ మోడ్ ఉండేది ఈ సెట్టింగ్‌లోనే) ఏముందో కూడా ఒకసారి చూసుకోండి, కొన్ని హోస్టింగ్‌ల వాళ్లు పాత అప్లికేషన్ల కోసం దాన్ని ఖాళీగా ఉంచుతారు.

గోదారి_కోడ్

గీసుగొండ దొరకకపోవడానికి జవాబు: విండోస్ లైన్ ఎండింగ్. విండోస్‌లో లైను చివర రెండు కనపడని క్యారెక్టర్లు ఉంటాయి, లోడ్ డేటా డిఫాల్ట్‌గా రెండోదాన్నే లైను ముగింపుగా చూస్తుంది, మొదటిది చివరి కాలమ్‌కి అంటుకుపోతుంది. ఊరి పేరు మీకు చివర్లోనే ఉంది కదా. ఆ కాలమ్‌ని హెక్స్ ఫంక్షన్‌లో (అక్షరాల వెనకున్న బైట్లని కోడ్లుగా చూపిస్తుంది) పెట్టి చూడండి, కొసన 0డి, అంటే ఆ మొదటి క్యారెక్టర్ కోడ్, కనిపిస్తే ఇదే. ఇంకో గుర్తు కూడా ఉంది, కమాండ్ లైన్లో సెలెక్ట్ కొడితే టేబుల్ కుడి గీత లైను చివర ఉండకుండా మొదట్లోకి దూకి వచ్చి పడుతుంది.

లోడ్ కమాండ్‌లో లైన్స్ టెర్మినేటెడ్ బై దగ్గర రెండు క్యారెక్టర్లూ ఇస్తే పోతుంది. కానీ మండలానికో ఫైలు అంటున్నారు కాబట్టి అన్నీ ఒకే రకం అనుకోవద్దు. ఒక ఫైలు లినక్స్ మీద సేవ్ అయ్యుండి, మీరు విండోస్ ముగింపు ఇచ్చారనుకోండి, ఆ ముగింపు ఎక్కడా దొరకదు, మొత్తం ఫైలు ఒకే లైను అయిపోతుంది. హెడింగ్ వదిలెయ్యమని ఇగ్నోర్ 1 లైన్స్ కూడా పెట్టి ఉంటే ఆ ఒక్క లైనూ పోతుంది. రికార్డ్స్ సున్నా, వార్నింగ్స్ సున్నా, క్వెరీ ఓకే. అందుకే ముందే అన్ని ఫైళ్లనీ ఒకే తీరుకి మార్చుకుని మొదలుపెట్టడం మంచిది, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో కిందే చూపిస్తుంది ఏది ఏ రకమో.

టేబుల్_రాణి

తెలుగు సంగతి నేను చెప్తాను, రోజూ ఇదే పని.

ప్రశ్నార్థకాలూ, ఆ పరాయి భాషా రెండూ ఒకే జబ్బు కాదు. మొదటిది పోయిన డేటా, రెండోది తిరిగొచ్చే డేటా. ముందు ప్రశ్నార్థకాల ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి, ఎక్సెల్‌లో కాదు. ఫైల్లోనే ప్రశ్నార్థకాలు ఉంటే ఆపరేటర్ మామూలు సీఎస్‌వీగా సేవ్ చేశారని అర్థం, ఎక్సెల్‌లో 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' (తెలుగుతో సహా అన్ని లిపులూ పట్టే పద్ధతి) అని వేరే ఆప్షన్ ఉంటుంది, అది ఎంచుకోకపోతే తెలుగు అక్షరం ప్రతిదీ ప్రశ్నార్థకం అయిపోతుంది. దానికి ఏ క్వెరీ పనిచేయదు, ఒరిజినల్ షీటు మళ్లీ తెప్పించుకోవాలి. ఫైల్లో తెలుగు బాగానే ఉండి టేబుల్‌లో ప్రశ్నార్థకాలు ఉంటే మీ కాలమ్ లాటిన్1 (తెలుగు పట్టని పాత క్యారెక్టర్ సెట్) అయ్యుంటుంది, ఆల్టర్ కమాండ్‌తో దాన్ని మార్చి మళ్లీ లోడ్ చేస్తే సరి.

రెండోది, నెత్తిన గీత ఉన్న 'ఏ', డిగ్రీ గుర్తు. తెలుగు అక్షరాలన్నీ యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు, మొదటి రెండూ హెక్స్‌లో ఎప్పుడూ ఈ0 బీ0 గానీ ఈ0 బీ1 గానీ. 'త' తీసుకుంటే ఈ0 బీ0 ఏ4. లాటిన్1 లెక్కలో ఈ0 అంటే నెత్తిన గీత ఉన్న ఆ 'ఏ', బీ0 అంటే డిగ్రీ గుర్తు. అంటే ఫైలు యూటీఎఫ్-8లోనే ఉంది, సర్వర్ దాన్ని లాటిన్1 అనుకుని చదివింది. ఇక్కడ చాలామంది సెట్ నేమ్స్ (కనెక్షన్ క్యారెక్టర్ సెట్ మార్చే కమాండ్) కొట్టి సరిపోయిందనుకుంటారు, లోడ్ డేటా దాన్ని అసలు పట్టించుకోదు, డేటాబేస్‌కి ఏ క్యారెక్టర్ సెట్ ఉందో దాన్ని బట్టే ఫైలుని చదువుతుంది. కమాండ్‌లోనే, టేబుల్ పేరు తర్వాత, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్-8 పేరు) అని రాయాలి. ఈ రకం పాడైన డేటా ఇప్పటికే టేబుల్‌లో ఉండి ఫైలు పోయిందనుకోండి, దాన్ని లాటిన్1కి కన్వర్ట్ చేసి, బైనరీకి క్యాస్ట్ చేసి, మళ్లీ యూటీఎఫ్8ఎంబీ4కి కన్వర్ట్ చేస్తే తెలుగు తిరిగొస్తుంది. మీకు ఫైలు ఉంది కాబట్టి అంత అవసరం లేదు.

తెగిన పేర్ల గురించి: మీ పేరు కాలమ్ వర్‌క్యార్ 20 (20 క్యారెక్టర్ల దాకా పట్టే కాలమ్) అని పందెం కాస్తాను. 'వెంకటలక్ష్మీనరసింహాచార్యులు' కంటికి 12 అక్షరాలు. కానీ మైఎస్‌క్యూఎల్ గుణింతాన్నీ, వత్తునీ, సున్నానీ విడివిడిగా లెక్కపెడుతుంది. 'క్ష్మీ' ఒక్కటే ఆరు: క, పొల్లు, ష, పొల్లు, మ, దీర్ఘం. ఆ లెక్కన పేరు మొత్తం 27, మీరు చూపించిన 'వెంకటలక్ష్మీనరసింహాచ' లెక్కపెడితే సరిగ్గా 20. ఇంగ్లిష్ పేర్లు చూసి కాలమ్ వెడల్పు పెట్టేవాళ్లు తెలుగుకి కనీసం రెండున్నర రెట్లు ఇవ్వాలి. ఒరాకిల్‌లో అయితే వర్‌క్యార్2 డిఫాల్ట్‌గా బైట్లలో కొలుస్తుంది, ఇదే పేరుకి అక్కడ 81 కావాలి.

పనికొచ్చే తనిఖీ ఒకటి. లెంగ్త్ ఫంక్షన్ బైట్లు చెప్తుంది, క్యార్ లెంగ్త్ క్యారెక్టర్లు చెప్తుంది. తెలుగు పేరు సరిగ్గా ఎక్కితే మొదటిది రెండోదానికి మూడు రెట్లకు దగ్గరగా ఉండాలి, మధ్యలో ఖాళీలూ చుక్కలూ ఉంటాయి కాబట్టి కాస్త తక్కువ. రెండూ సమానమైతే అందులో తెలుగు అక్షరమే లేదు, ప్రశ్నార్థకాలో ఇంగ్లిషో. ఒక్క క్వెరీతో 18 వేల పేర్లనీ జల్లెడ పట్టొచ్చు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి అర్థంపర్థం లేకుండా ఉంటే పాత అను ఫాంట్స్‌లోనో శ్రీలిపిలోనో కొట్టింది కాపీ చేసి పెట్టారేమో చూడండి, దానికి క్యారెక్టర్ సెట్ మార్చి లాభం లేదు, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో పెట్టాలి.

ఇంకోటి, కనపడనిది. 'బాన్సువాడ' అనీ 'బాన్‌సువాడ' అనీ రెండు రకాలుగా కొడతారు, రెండోదాంట్లో న్ తర్వాత సు వత్తుగా మారకుండా ఆపే క్యారెక్టర్ ఉంటుంది. అది 'నిజామాబాద్' లాంటి మాటల చివర కూడా ఉండిపోతుంది, అక్కడైతే కంటికి ఏ తేడా ఉండదు. ఊళ్ల పేర్లు ఇంకో టేబుల్‌తో జాయిన్ చేసేటప్పుడు (జతకలిపేటప్పుడు) కొన్ని కొలేషన్లలో, అంటే అక్షరాల్ని పోల్చే నియమాల్లో, ఆ రెండూ వేరువేరు ఊళ్లు అయిపోతాయి. ఊరి పేరు మీద కాకుండా ఊరి కోడ్ మీద జాయిన్ పెట్టుకోగలిగితే ఈ బాధే ఉండదు.

ఓరుగల్లు_డేటా

అందరికీ చాలా థ్యాంక్స్. అన్నా, మీరు చెప్పినట్టే కచ్చా టేబుల్ పెట్టి ఫైలు తర్వాత ఫైలు ఎక్కించాను. అక్కా, పేరు కాలమ్ 20 అన్నది నిజమే. హెక్స్ పెట్టి చూస్తే గీసుగొండ చివర 0డి ఉంది.

తగ్గిన రోల సంగతి చాలావరకు తేలింది. కచ్చా టేబుల్‌లో ఖాతా నంబరు చూస్తే కొన్ని మండలాల్లో 6.23451ఈ+13 లాంటివి ఉన్నాయి. 14 అంకెల నంబరుకి ఎక్సెల్ చేసిన పని ఇది. ఒకే బ్రాంచిలో ఖాతాలన్నీ మొదటి అంకెలు ఒకటే కాబట్టి కుదించాక పది పన్నెండు మందివి ఒకే నంబరు అయిపోయాయి, ప్రైమరీ కీ కాబట్టి మొదటి మనిషి ఎక్కాడు, మిగతావాళ్లు స్కిప్డ్‌లోకి పోయారు. ఎక్కినవాడి ఖాతా కూడా తప్పే కదా.

ఇప్పుడు రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, ఒక మండలం ఫైల్లో లైన్లకీ కచ్చా టేబుల్ రోలకీ ఇంకా 60 దాకా తేడా ఉంది, స్కిప్డ్ సున్నా అయినా. రెండోది విస్తీర్ణం. మొత్తం కూడితే సంఘం వాళ్ల రిజిస్టర్‌తో కలవడం లేదు, సర్వే నంబర్లలో '05-ఫిబ్' లాంటివి ఉన్నాయి.

పాత_డీబీఏ

ఆ 60 లైన్లు ఎక్కడికీ పోలేదు, ఏదో ఒక గడిలోనే ఉన్నాయి. కచ్చా టేబుల్‌లో చిరునామా పొడవు బట్టి పెద్దవి ముందు వచ్చేలా తీయండి, మొదటి రోలోనే పేజీ పొడుగు చిరునామా ఒకటి దొరుకుతుంది. ఫీల్డ్స్ ఎన్‌క్లోజ్డ్ బై అని డబుల్ కోట్ ఇచ్చి ఉంటారు కదా, గడి మొదట్లో ఒంటి డబుల్ కోట్ ఉంటే, జత కోట్ దొరికేదాకా కామాలూ లైన్లూ అన్నీ ఆ గడిలోకే పోతాయి. ఊళ్లలో జాబితాలు రాసేవాళ్లకి 'పైదే' అనడానికి ఆ గుర్తు పెట్టే అలవాటు ఉంటుంది, పై వరసలో ఉన్న వీధి పేరు మళ్లీ రాయకుండా. ఎక్సెల్ సేవ్ చేస్తే అలాంటి కోట్‌ని రెండుగా రాసి కాపాడుతుంది, నోట్‌ప్యాడ్‌లోనో ఇంకేదో సాఫ్ట్‌వేర్‌లోనో తయారైన ఫైలుకి ఆ రక్షణ ఉండదు. ఆ గుర్తుల చోట పై వరస విలువ నింపి మళ్లీ లోడ్ చేయాలి, అదీ ఫైలు వరస చెదరకముందే, వరస మారితే 'పైదే' అంటే ఎవరిదో చెప్పలేం.

కామాలూ కోట్‌లూ ఉన్న ఫైలు లైన్లని డబ్ల్యూసీ (లినక్స్‌లో లైన్లు లెక్కపెట్టే) కమాండ్‌తో లెక్కపెట్టి నమ్మొద్దు. గడి లోపల ఆల్ట్ ఎంటర్ కొట్టి ఉంటే అది కూడా లైనే అనుకుంటుంది. పైథాన్ సీఎస్‌వీ మాడ్యూల్‌తో లెక్కపెడితే రికార్డులు వస్తాయి, రెండు లెక్కలూ వేరుగా వస్తే ఆ తేడాయే మీకు ఆచూకీ.

పోస్ట్‌గ్రెస్_పిట్ట

ఇన్ని తిప్పలు ఎందుకు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మారిపోండి. దాని కాపీ కమాండ్ డిఫాల్ట్‌గా మొదటి తప్పు దగ్గరే ఆగి ఏ లైనో, ఏ కాలమో చెప్తుంది, అంతకుముందు ఎక్కినవి కూడా వెనక్కి తీసేస్తుంది. అంతా ఎక్కాలి, లేదా ఏదీ ఎక్కకూడదు.

పాత_డీబీఏ

కాపీ ఆ విషయంలో మంచిదే, ఒప్పుకుంటాను. అయితే 2024లో వచ్చిన 17వ వెర్షన్‌లో ఆన్ ఎర్రర్ ఇగ్నోర్ అని అక్కడా పెట్టారు, వాడేవాళ్లు వాడతారు. పైగా ఇక్కడ సగం తప్పులు డేటాబేస్ దాకా రాకముందే జరిగాయి. 6.23451ఈ+13 ని టెక్స్ట్ కాలమ్‌లోకి పోస్ట్‌గ్రెస్ కూడా నోరెత్తకుండా తీసుకుంటుంది. ఎస్‌క్యూలైట్ అయితే మామూలు టేబుల్‌లో ఇంటీజర్ అని రాసిన కాలమ్‌లోనూ అక్షరాలు దాచుకుంటుంది, వద్దనుకుంటే 2021లో వచ్చిన స్ట్రిక్ట్ టేబుల్స్ వాడాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ బల్క్ ఇన్సర్ట్‌లో మ్యాక్స్ ఎర్రర్స్ డిఫాల్ట్ 10, అంటే పది దాకా చెడ్డ లైన్లుంటే వాటిని వదిలేసి ముందుకి పోతుంది. ఏ డేటాబేస్ వాడినా కచ్చా టేబుల్, లెక్క సరిచూడడం రెండూ తప్పవు. 2020 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి, కారణం పాత ఎక్సెల్ ఫార్మాట్ ఒక షీటులో 65,536 వరసల కంటే ఎక్కువ పట్టదు, మిగతావి ఎర్రర్ లేకుండా జారిపోయాయి. వచ్చినవెన్ని, ఎక్కినవెన్ని అని పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిరోజే దొరికే తప్పు.

కరీంనగర్_క్వెరీ

విస్తీర్ణం దగ్గర ఎవరూ ఆగలేదు గానీ నాకు అన్నిటికంటే భయం వేసేది అదే. ఎందుకంటే మిగతావన్నీ ఎక్కడో ఒకచోట కనిపిస్తాయి, ఇది కనిపించదు.

మన దగ్గర 3.20 అంటే మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. ఎకరానికి 40 గుంటలు. ఆంధ్రా వైపు సెంట్లు, ఎకరానికి 100, అక్కడ చుక్క పెట్టి రాస్తే అది నిజమైన దశాంశమే, కూడికలు కుదురుతాయి. ఇక్కడ కుదరవు. 3.20, 3.20 కూడితే డేటాబేస్ 6.40 అంటుంది, రైతు చేతిలో ఉన్నది ఏడెకరాలు. మీ మొత్తం రిజిస్టర్‌తో కలవకపోవడానికి ముందు ఇది చూడండి. కాలమ్‌ని డెసిమల్‌గా ఉంచొద్దు. మొత్తం గుంటల్లోకి మార్చి పూర్ణాంకంగా పెట్టుకోండి, ఎకరాలు ఇంటూ 40 ప్లస్ గుంటలు, చూపించేటప్పుడు మళ్లీ ఎకరాలు గుంటలుగా విడగొట్టండి.

మార్చేటప్పుడు రెండు గోతులు ఉన్నాయి. చుక్క దగ్గర విడగొట్టడానికి సబ్‌స్ట్రింగ్ ఇండెక్స్ వాడతారు కదా, చుక్కే లేకపోతే అది మాట మొత్తాన్నీ తిరిగిస్తుంది. '3' అని మాత్రమే ఉన్న రైతుకి ఎకరాలు 3, గుంటలు కూడా 3 వస్తాయి, మూడు గుంటలు ఉత్తపుణ్యానికి పెరుగుతాయి, వార్నింగ్ రాదు. ముందు చుక్క ఉందా లేదా చూసి విడగొట్టాలి. రెండో గొయ్యి ఇంకా లోతు. ఎక్సెల్ 3.20 ని అంకెగా చూసి చివరి సున్నా తీసేసి 3.2 చేస్తుంది. ఇప్పుడు 3.2 అంటే ఇరవై గుంటలా, రెండు గుంటలా? రెండు గుంటల్ని 3.02 అని రాసే అలవాటు ఆ ఆపరేటర్‌కి ఉంటే ఇరవై, లేకపోతే చెప్పలేం. చుక్క తర్వాత ఒకే అంకె ఉన్న ప్రతి రోనీ విడిగా తీసి పాస్‌బుక్‌తో సరిచూడాల్సిందే, ఊహించి నింపొద్దు. చుక్క తర్వాత 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అది గుంటల లెక్క కాదు, ఎవరో దశాంశంలో రాశారు. ఖాళీగా వదిలిన గడులు మీ మొదటి టేబుల్‌లో సున్నా అయ్యాయి, అలా కాకుండా నల్‌గా (విలువ తెలియదు అని) ఉంచండి, నల్‌ఇఫ్ ఫంక్షన్‌తో అవుతుంది. విస్తీర్ణం తెలియని రైతు వేరు, భూమి లేని రైతు వేరు.

సర్వే నంబర్లు: 5/2 ని ఎక్సెల్ ఫిబ్రవరి 5 చేసింది. కంప్యూటర్‌లో తేదీ అమెరికా పద్ధతిలో ఉంటే అదే 5/2 మే 2 అవుతుంది, కాబట్టి ఒక మండలం ఫైలులో తిప్పి రాసిన సూత్రం ఇంకో మండలానికి పనికిరాదు. ఇంటి నంబర్లకీ ఇదే గతి. మన ఒక్కరి బాధ కాదు ఇది, మార్చ్1, సెప్ట్1 అని పేర్లున్న జన్యువుల్ని ఎక్సెల్ తేదీలు చేస్తోందని చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చారు. మన సర్వే నంబర్లు మార్చలేం కదా. ఇంకోటి, కొందరు 123/2 బదులు బ్యాక్‌స్లాష్‌తో కొడతారు. లోడ్ డేటాకి బ్యాక్‌స్లాష్ అంటే ఎస్కేప్, దాన్ని తీసేసి పక్క అంకెని ఉంచుకుంటుంది, 123లో రెండో భాగం కాస్తా సర్వే నంబరు 1232 అయిపోతుంది. ఆ నంబరుతో ఊళ్లో ఇంకొకరి పొలం ఉండొచ్చు. ఎస్కేప్డ్ బై దగ్గర ఖాళీ కోట్స్ ఇవ్వండి, బ్యాక్‌స్లాష్ అలాగే వస్తుంది.

ఓరుగల్లు_డేటా

బ్యాక్‌స్లాష్ సంగతి మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు అన్నా. ఎస్కేప్ తీసేసి మళ్లీ లోడ్ చేస్తే ఒకే మండలంలో అలాంటివి చాలా బయటపడ్డాయి. 60 లైన్ల సంగతి కూడా 'పైదే' గుర్తే, ఆ ఫైలు నోట్‌ప్యాడ్‌లోనే చేశారట.

చుక్క తర్వాత ఒక్క అంకె ఉన్న రోలు, ఈ+ ఉన్న ఖాతాలు, తేదీలైపోయిన సర్వే నంబర్లు, ప్రశ్నార్థకాల పేర్లు నాలుగూ విడి టేబుల్‌లోకి తీశాను, ఫైలు పేరు, వరస నంబరుతో సహా. వాటిని ఊరివారీగా ప్రింట్ తీసి ఆపరేటర్లకి పంపిస్తున్నాను. ఇవి సరిచేసి వచ్చేటప్పుడు మళ్లీ ఎక్సెల్ పాడుచేయకుండా వాళ్లకి ఏం చెప్పాలి?

టేబుల్_రాణి

ఖాళీ షీటు మీరే తయారుచేసి పంపండి, ఖాతా, సర్వే నంబరు, విస్తీర్ణం, ఇంటి నంబరు కాలమ్స్‌ని ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టి. కొట్టాక ఫార్మాట్ మారిస్తే పోయిన అంకెలు తిరిగి రావు. ఎకరాలకి ఒక కాలమ్, గుంటలకి ఒక కాలమ్ విడిగా ఇవ్వండి, చుక్కతో పనే ఉండదు. గుంటల గడిలో 0 నుంచి 39 దాకా మాత్రమే పట్టేలా డేటా వాలిడేషన్ పెట్టండి.

వాళ్లని సీఎస్‌వీ చేయమని అడగొద్దు, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలే పంపమనండి, సీఎస్‌వీ మీరే తీసుకోండి. తీశాక దాన్ని చూడాలనిపిస్తే డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచి సేవ్ కొట్టొద్దు, ఆ ఒక్క సేవ్‌తో ఖాతాలన్నీ మళ్లీ ఈ+ అవుతాయి. యూటీఎఫ్-8 సీఎస్‌వీకి ఎక్సెల్ ఫైలు మొదట్లో మూడు కనపడని బైట్లు పెడుతుంది, మీకు మొదటి లైను హెడింగ్ కాబట్టి దాంతోపాటే పోతాయి, హెడింగ్ లేని ఫైలు వస్తే మాత్రం మొదటి రైతు ఖాతా నంబరుకి అంటుకుంటాయి, అదొక్కటి చూసుకోండి.